నెల దాటిన ఓడ ఊపు

జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్
నవంబర్ 18

లవీనా దీదీకి,

"ఫోన్‌లో నువ్వు అరుస్తావు ప్రసన్నా. నువ్వు అరిచాక రెండు రోజులు నేను మనిషిని కాను. చెప్పాల్సింది ఉంటే ఉత్తరం రాయి, కాగితం మీద అరుపు వినపడదు" అన్నావు. సరే, రాస్తున్నాను. ఇక్కడి నుంచి క్యాంప్‌బెల్ బేకి ఓడలో మూడు రోజులు. టపా సంచీ ఏ ఓడ ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. ఆలోపు నా కోపం చల్లారుతుందని మాత్రం అనుకోకు.

ఆ మాత్రల సంగతే రాస్తున్నాను.

మొదట ఇచ్చిన మందు ఎనిమిది వారాలు మింగావు. పని చెయ్యలేదు. మంచి డాక్టరైతే ఏమనాలి? "అమ్మా, నీకు మందు అక్కర్లేదు" అనాలి. ఆవిడ ఏం చేసింది? ఇంకో మందు రాసింది. దాన్ని రెండో వరస మందు అంటారట! ఒకటి ఓడిపోతే ఇంకోటి అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు కాదా ఇది? నేను ఊరికే మాట్లాడటం లేదు. మా యువజన సంఘానికి హైదరాబాద్ నుంచి నాలుగు కరపత్రాలు వచ్చాయి. ఐస్ ఫ్యాక్టరీలో డ్యూటీ అయ్యాక ఒక్కొక్కటీ మూడుసార్లు చదివాను. మెదడులో ఫలానా రసాయనం తక్కువైందని ఇంతవరకూ ఏ రోగికీ ఎవరూ కొలిచి చూపించలేదు. కొలవని లోటుకి మందెలా ఇస్తారు?

నీకు జబ్బు లేదు దీదీ. దేశం చివర్న, ఆఖరి దీవిలో నిన్ను ఒంటరిగా పడేసిన బదిలీ ఆర్డరే నీ జబ్బు. దాని మీద పోరాడాలి గానీ గొట్టం మాత్ర మింగి నోరు మూసుకోవడం ఏమిటి? నాన్న పోయాక ఇంట్లో ధైర్యం చెప్పింది నువ్వు. నన్ను చదివించింది నువ్వు. అలాంటి మనిషిని పొద్దున్నే మాత్ర కోసం చెయ్యి చాపేదానిలా ఊహించుకోలేను.

అమ్మకి ఈ మాత్రల విషయం ఇంకా చెప్పలేదు. క్రిస్మస్‌కి వస్తావుగా, అప్పుడు ముఖాముఖీ తేలుద్దాం.

నీ తమ్ముడు
ప్రసన్న కుమార్


క్యాంప్‌బెల్ బే
డిసెంబర్ 2

ప్రసన్నా,

కాగితం మీద కూడా అరవొచ్చని నిరూపించావు. అక్షరాలు పేజీ అవతలికి దిగబడ్డాయి. నీ పెన్ను మీద జాలేసింది.

ముందు ఒక మాట. నాకు క్యాంప్‌బెల్ బే ఇష్టం. ఈ బదిలీ అడిగి తీసుకున్నది నేనే. అమ్మకి తెలిస్తే ఏడుస్తుందని గవర్నమెంటు మీదకి నెట్టాను. కాబట్టి నీ పోరాటాన్ని ఇంకో దేనికైనా దాచుకో.

జూన్‌లో ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. క్లాసులో హాజరు పిలుస్తున్నాను. ముప్పై రెండు పేర్లు. పదిహేడో పేరు దగ్గర ఆగిపోయాను. పేరు కనిపిస్తోంది, నోరు పెగలడం లేదు. పిల్లలు కాసేపు చూసి, మిగతా పేర్లు వాళ్ళే పిలుచుకుని, "ప్రెజెంట్ మిస్" అని వాళ్ళే చెప్పుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం జెట్టీ చివర చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో రాయను. పక్క క్వార్టర్స్‌లో ఉండే స్వాతి టీచర్ వెతుక్కుంటూ రాకపోతే నీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. ఇది చదివి వెంటనే ఫోన్ చెయ్యకు. ఇప్పుడు బాగున్నాను.

అవును, మొదటి మందు పని చెయ్యలేదు. డోసు పెంచారు, ఆగి చూశారు, నాలో మార్పు లేదు. అలా జరగడం వింతేమీ కాదన్నారు, ఫోన్‌లో చూసే పోర్ట్ బ్లెయిర్ డాక్టరమ్మ. ఒకరికి పట్టిన మందు ఇంకొకరికి పట్టకపోవచ్చట. అందుకే వెన్లాఫాక్సిన్‌కి మార్చారు. మొదటి రెండు వారాలూ కడుపులో తిప్పడం, చెమటలు, ఊరికే కంగారు. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండొద్దని, చెడు ఆలోచనలు ఎక్కువైతే వెంటనే చెప్పాలని ముందే హెచ్చరించారు. స్వాతి తన చాప తెచ్చుకుని నా గదిలోనే పడుకుంది. ఐదో వారంలో ఒక పొద్దున చేపల పులుసు వాసనకి ఆకలేసింది. చాలా నెలల తర్వాత వేసిన ఆకలి అది. మీ కరపత్రాల్లో దీనికి ఏ పేరు పెట్టారో నాకు తెలియదు.

జాగ్రత్తలు చాలా చెప్పారులే. గొట్టాన్ని విప్పకూడదు, నమలకూడదు, తిండితో పాటు మింగాలి. రక్తపోటు పెరగొచ్చు కాబట్టి నెలనెలా చూపించుకోవాలి. నొప్పి మాత్రలైనా దగ్గు మందైనా అడగకుండా కొనుక్కోకూడదు, కొన్ని దీనితో కలిస్తే ప్రమాదమట. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది. ఎంత బాగున్నా సొంతంగా ఆపకూడదు.

ఇప్పుడు ముప్పై రెండు పేర్లూ పిలుస్తున్నాను. క్రిస్మస్‌కి రొయ్యల వేపుడు చేయించు. పోట్లాట తిన్నాక.

దీదీ


క్యాంప్‌బెల్ బే
జనవరి 12

ప్రసన్నా,

నువ్వే గెలిచావు. ఇంట్లో నీ పుస్తకాల కింద చూడు. మాత్రల అట్టలు రెండూ అక్కడే వదిలేసి వచ్చాను.

నీ వాదనలకి లొంగానని మురిసిపోకు. పన్నెండు రోజులు చెవిలో పోరు పెట్టావు, నిజమే. అమ్మకి చెప్పేసి ఏడిపించావు, అదీ నిజమే. కానీ హాడో జెట్టీకి బయల్దేరుతుంటే తలుపుకి అడ్డంగా నిలబడి, "ఒక్క నెల దీదీ. నా మాట మీద ఒక్క నెల" అన్నావు చూడు, ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. నీ పదేళ్ళప్పుడు స్కూలు ఆటోలో నా పక్క సీటు కోసం అడిగినప్పటి ముఖమది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మూడు నెలలుగా బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకులే అని నాకూ అనిపించింది. డాక్టరమ్మకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోరని తెలుసు.

ఆరో తేదీన ఓడ ఎక్కాను, తొమ్మిదిన దిగాను. దారి పొడుగునా సముద్రం ఎగిరెగిరి పడింది. రెండో రోజు నుంచే వాంతులు. ఓడ ప్రయాణం నాకు కొత్తేమీ కాదు, ఈసారి మాత్రం మంచం దిగలేదు. నేల మీద కాలు పెట్టి మూడు రోజులైనా గది ఊగుతూనే ఉంది. కళ్ళు పక్కకి తిప్పితే తలలో జివ్వుమంటోంది. దిగాక కూడా మూడు రోజులు ఓడ మనలోనే ఉంటుందని నాన్న అనేవాడు కదా. ఈ రోజుతో మూడు రోజులు పూర్తి.

దీదీ


జంగ్లీఘాట్
జనవరి 22

దీదీ! దీదీ! దీదీ!

నీ ఉత్తరం మా సంఘంలో చదివి వినిపించాను. పేరు చెప్పలేదులే, భయపడకు. ఏడుగురమే ఉన్నాం, ఏడుగురూ చప్పట్లు కొట్టారు. "భయ్యా, ఇది అందరికీ తెలియాలి" అన్నాడు వీరేంద్ర. ఆ మధ్యాహ్నమే కూర్చుని కరపత్రం రాసేశాను. జీవితంలో మొదటిసారి ఎవరో రాసింది పంచకుండా నేను రాసింది పంచాను. 'మనసుకి మాత్ర ఎందుకు?' అని పేరు. మూడు వందల ప్రతులు. చేపల రేవులో, ఆటో స్టాండులో, మన తెలుగు చర్చి గేటు దగ్గర పంచాం. ఒకటి ఇందులో పెట్టాను. వెనక పేజీ చూడు.

"ఈ దీవుల్లోనే పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయురాలు నెలల తరబడి ఈ మాత్రలకు బానిసయ్యారు. సత్యం గ్రహించి ఒక్క రోజులో వాటన్నిటినీ విసిరికొట్టారు. నేడు సంపూర్ణ ఆరోగ్యంతో, తలెత్తుకుని జీవిస్తున్నారు."

చదువుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంతకాలం నాకు చదువు చెప్పావు, ఇప్పుడు ఊరికే చెబుతున్నావు!

ఓడ ఊపుకి కంగారు పడకు. ఈసారి సముద్రం బాగా లేదు కదా, నాలుగు రోజులు ఎక్కువే ఉంటుంది. చెప్పులు లేకుండా ఇసుకలో నడువు. అల్లం నమలు. వాంతులకి వేసుకునే ఓడ మాత్రలు దొరికితే రెండు మూడు రోజులు వేసుకో. అవి ఫరవాలేదు, మనసు మందులు కావు.

నీ
ప్రసన్న


క్యాంప్‌బెల్ బే
ఫిబ్రవరి 3

ప్రసన్నా,

కరపత్రం అందింది. అచ్చు బాగుంది. అక్షర దోషాలు లేవు. అందులో ఉన్నావిడ చాలా ధైర్యవంతురాలు.

ఇక్కడ అంతా కులాసా. ఊపు కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. తల తిప్పితే ఇంకా కరెంటు కొట్టినట్టుంటుంది. ఓడ మాత్రలు రోజూ వేసుకుంటున్నాను, పగలు కూడా మగతగా ఉంటోంది. అర్థంలేని కలలు. ఈసారి ఓడ నన్ను బాగానే పట్టుకుంది.

పిల్లల నోటు పుస్తకాలు దిద్దే పని స్వాతికి ఇచ్చేశాను. తనైతే త్వరగా చేస్తుంది. వంట ఎక్కువ పెట్టుకోవడం లేదు, ఒక్కదానికి ఎందుకు. సాయంత్రాలు మళ్ళీ జెట్టీ వైపు నడుస్తున్నాను. నువ్వే కదా నడవమన్నావు. అక్కడ గాలి బాగుంటుంది, ఎవరూ మాట్లాడించరు.

నాన్న గడియారం నా దగ్గర ఊరికే పడి ఉంది. వచ్చే ఓడలో ఎవరైనా తెలిసినవాళ్ళు వస్తే పంపిస్తాను, నువ్వు పెట్టుకో.

నువ్వు సంతోషంగా ఉన్నావు కదా. అది చాలు.

లవీనా


జంగ్లీఘాట్
ఫిబ్రవరి 13

దీదీ,

స్వాతి టీచర్ మొన్న మంగళవారం పరిగెత్తుకుంటూ నీ దగ్గరికి ఎందుకు వచ్చిందో ఆమె చెప్పే ఉంటుంది. నా నోటితో కూడా చెప్పాలి. ఒక్కటీ దాచను.

నీ ఉత్తరం మంగళవారం పొద్దున అందింది. చదివి సంబరపడ్డాను దీదీ. ఊపు తగ్గుతోంది, రోజూ నడుస్తోంది, నాన్న గడియారం నాకిస్తోంది అనుకున్నాను! ఉత్తరం జేబులో పెట్టుకుని, కరపత్రం చేత పట్టుకుని నేరుగా ఇక్కడి ఆసుపత్రిలో మీ డాక్టరమ్మ ఓపీకి వెళ్ళాను. ఆవిడ బల్ల మీద విసిరి రావాలని. రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. ఎవరు పేషెంట్ అని అటెండర్ అడిగితే "పేషెంట్ లేరు, అదే చెప్పడానికి వచ్చాను" అన్నాను. వాడు నవ్వాడు.

డాక్టరమ్మ రెండు పేజీలూ చదివింది. పెన్ను తీసి ఒక వాక్యం కింద గీత గీసింది.

"ఇది నిజం" అంది.

"ఏది?"

"రసాయనం తక్కువైందని ఏ రోగికీ కొలిచి చూపించలేదని రాశావు చూడు, అది. లోటు ఉంది, పూడుస్తున్నాం అని చెప్పడం తేలిక కాబట్టి చాలాకాలం అలా చెప్పారు. అసలు సంగతి అంత తేలిక కాదు."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గెలిచాననుకున్నాను.

"కింది వాక్యం తప్పు" అంది. "లోటు కొలవలేదు కాబట్టి మందు మోసం అన్నావు. ఒక నరం ఇంకో నరానికి కబురు పంపేది రసాయనాలతో. పంపిన నరమే వాటిని మళ్ళీ వెనక్కి పీల్చేసుకుంటుంది. మొదట ఇచ్చే మందులు ఎక్కువగా సెరటోనిన్ అనే ఒక్కదాన్ని వెనక్కి పోకుండా ఆపుతాయి. ఈ రెండో వరస మందు దాంతో పాటు నార్ఎపినెఫ్రిన్‌ని కూడా ఆపుతుంది, డోసు పెరిగితే అది ఇంకా తెలుస్తుంది. అంతవరకు తెలుసు. దానివల్ల వారాల తర్వాత మనిషి ఎందుకు తేరుకుంటాడో పూర్తిగా తెలియదు. తేరుకున్నవాళ్ళు ఉన్నారు, తేరుకోనివాళ్ళూ ఉన్నారు. పరీక్షలు పెట్టి, లెక్క కట్టి చూసిన మాట ఇది. నాకు తెలియనిది తెలియదని చెప్పాను. నీ కాగితంలో ఆ మాట ఒక్కచోట కూడా లేదు బాబూ."

నాకు మండింది. "మరి ఈ టీచర్ ఎలా బాగుపడింది? ఒక్క రోజులో మానేసింది. ఫస్ట్ క్లాస్‌గా ఉంది" అన్నాను.

"ఆమె ఎవరని నేను అడగను. ఎవరి సంగతీ నీతో చెప్పకూడదు. నువ్వు చెప్పేది మాత్రం వింటాను. ఫస్ట్ క్లాస్ అంటే? ఏ ఇబ్బందీ లేదా?"

"ఏమీ లేదు. ఓడ ఊపు ఒక్కటే."

"ఓడ దిగి ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "నువ్వు ఎక్కడ పుట్టావు?"

"జంగ్లీఘాట్‌లో."

"ఇక్కడ పుట్టినవాడివి. ఓడ ఊపు ఎన్నాళ్ళుంటుందో నువ్వు చెప్పు నాకు."

"రెండు రోజులు. మహా అయితే మూడు."

"మరి ఈ నెల రోజులది ఏమిటి?"

దీదీ, మన తాత కాలం నుంచీ ఓడల మీద బతికినవాళ్ళం. మెయిన్‌ల్యాండ్ వాడు ఎవడైనా నెల రోజుల ఓడ ఊపు అంటే "పాగల్ హై క్యా?" అని నవ్వేవాణ్ణి. నీ విషయంలో మాత్రం ఇసుకలో నడవమని, అల్లం నమలమని రాశాను. మందు ఆపిన రోజు, ఓడ ఎక్కిన రోజు ఒకటే. అందుకే నువ్వూ ఓడనే అనుకున్నావు. నేనూ ఓడనే అనుకున్నాను, అలా అనుకుంటే నాకు హాయిగా ఉంది కాబట్టి.

ఉత్తరం తీసి చదివాను. కరెంటు కొట్టినట్టుందని చదవగానే ఆవిడ తల ఊపింది. "అది ఓడ పని కాదు. ఈ మందు హఠాత్తుగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే ఇలా మొదలవుతుంది. కళ్ళు తిరగడం, వాంతి, తలలో జివ్వుమనడం, పిచ్చి కలలు."

నా బుద్ధి చూడు, అప్పుడు కూడా లేచి నిలబడి అరిచాను. "చూశారా? మత్తు కాబట్టే కదా మేడమ్ ఇలా! నేను రాసింది అదే!"

"కూర్చో. మత్తు పదార్థమైతే మనిషి ఇంకా కావాలని వెతుక్కుంటూ తిరుగుతాడు. ఈమె వెతుక్కుందా? ఇంట్లో వదిలేసి వెళ్ళింది. శరీరం మందుకి సర్దుకుంది, అంతే. సర్దుకున్నదాన్ని మెల్లగా దింపాలి, వారాల మీద, కొందరికి నెలల మీద. మందు మానకూడదని ఎవరూ అనలేదు. తేరుకున్నాక ఇంకొన్నాళ్ళు వాడి, చెప్పి, మెట్టు మెట్టుగా మానాలి. మిగతాది చదువు."

చదివాను. నోటు పుస్తకాలు. వంట. జెట్టీ. గడియారం. అక్కడికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపమంది.

"ఊపు తగ్గుతూ తిండి, పని, మనుషులు కూడా తగ్గుతున్నారంటే పాత జబ్బు తిరిగొస్తోంది. పైగా దాచుకున్న వస్తువు ఇచ్చేస్తోంది. ఇంతకుముందు జెట్టీ దగ్గర ఏమైనా జరిగిందా?"

నువ్వు డిసెంబర్‌లో రాసిన ఉత్తరం గుర్తొచ్చింది దీదీ. అందులో రాసింది ఆవిడకి చెప్పాను.

"ఫోన్ తియ్యి. ఆమె పక్కన మనిషి ఎవరు?" అంది డాక్టరమ్మ. లైన్లో ఉన్నవాళ్ళు గొడవ చేస్తున్నా నన్ను లేవనివ్వలేదు. స్వాతి టీచర్‌కి ఆవిడే నా ఫోన్‌లో చెప్పింది. ఒంటరిగా వదలొద్దు, ప్రాణం తీసుకోవాలని ఉందా అని సూటిగా అడుగు, అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు అని. అక్కడి డాక్టరుతో కూడా మాట్లాడింది. మళ్ళీ చిన్న డోసుతోనే మొదలుపెట్టాలట, పాత డోసు ఒక్కసారిగా వెయ్యకూడదట. ఇంట్లో ఉన్న అట్టలు నేను పంపుతానంటే వద్దంది. ఓడ మాత్రలు కూడా ఇక వాళ్ళని అడక్కుండా వేసుకోవద్దంది.

గంటన్నర బయట బెంచీ మీద కూర్చున్నాను. స్వాతి ఫోన్ చేసింది. "ఇంట్లో లేదు. జెట్టీ చివర కూర్చుని ఉంది. తీసుకొచ్చాను" అంది.

అమ్మకి చెప్పాను. నా కాలరు పట్టుకుంది, వదిలేసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఈ తప్పు దిద్దుతాను దీదీ. కొత్త కరపత్రం రాస్తున్నాను, ఈసారి వెయ్యి ప్రతులు. 'మందు మానకండి!' అని. నా అక్కకి ఏం జరిగిందో పేరుతో సహా రాస్తాను. ఆ మోసపు కరపత్రాలు పంపినవాళ్ళని బజారుకి ఈడుస్తాను. నువ్వు ఊఁ అంటే చాలు.

ప్రసన్న


క్యాంప్‌బెల్ బే
ఫిబ్రవరి 27

ప్రసన్న కుమార్‌కి,

ఊఁ అనను.

నీ ఉత్తరం ముందు స్వాతి చదివింది. చదివి, "ఇతనికి నిప్పు ఎటు అంటించినా మండుతుంది" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇద్దరం ఆశ్చర్యపోయాం.

నీకు తెలియని విషయం ఒకటి చెబుతాను. జనవరి ఆఖరికే నాకు అనుమానం వచ్చింది, ఇది ఓడ కాదేమోనని. ఒక పొద్దున హాజరు పట్టీ తీస్తే పేర్లు మళ్ళీ జారిపోతున్నాయి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి ఉండాల్సింది. చెప్పులు కూడా వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే టపా వచ్చింది. నీ కరపత్రం. సంపూర్ణ ఆరోగ్యంతో, తలెత్తుకుని జీవిస్తున్నారు అని.

చెప్పులు విప్పేశాను.

మూడు వందల మంది చేతుల్లో నేను బాగుపడిపోయి ఉన్నాను ప్రసన్నా. చర్చి గేటు దగ్గర మన ఆంటీలందరి చేతుల్లోనూ. ఇప్పుడు వెళ్ళి బాగాలేదని ఎవరితో చెప్పను? చెబితే నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టవుతుంది. చర్చిలో మనిషి లేచి నిలబడి, స్వస్థత పొందానని సాక్ష్యం చెబితే నువ్వు వెనక బెంచీలో కూర్చుని వెక్కిరించేవాడివి. వాళ్ళు నయం. వాళ్ళు తమంతట తాము లేచి నిలబడతారు. నువ్వు నన్ను అడక్కుండానే నిలబెట్టావు. నిలబడలేకపోతున్నప్పుడు కూర్చునే వీలు లేకుండా చేశావు.

తప్పంతా నీదే అనడం లేదు. అట్టలు వదిలేసింది నేను. డాక్టరమ్మకి దాచింది నేను. నువ్వు పోరు పెట్టకపోయినా, ఏదో ఒక రోజు నేనే ఆపి చూసేదాన్నేమో. దాని గురించి నాతో నేను పోట్లాడుకుంటాను, మధ్యలో నువ్వు రాకు.

స్వాతి సూటిగా అడిగింది. ఉందని చెప్పాను. ఆ మాట బయటికి వచ్చాక కొంచెం ఊపిరి ఆడింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చిన్న డోసు మొదలుపెట్టారు, వారం తర్వాత పెంచారు. రక్తపోటు రోజూ చూస్తున్నారు. మందు పని చెయ్యడానికి మళ్ళీ వారాలు పడతాయన్నారు. పోయినసారి పట్టిన మందు ఈసారీ పడుతుందని ఆశ, పూచీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మాత్రల అట్టలు స్వాతి దగ్గర ఉంటాయి, ఏ రోజుది ఆ రోజు ఇస్తుంది. ఇంకా బాగాలేదు. అది నీకు తెలియాలి. ఏ రోజు ఎలా ఉంటానో నాకు తెలియదు. అదీ నీకు తెలియాలి.

కొత్త కరపత్రం వెయ్యకు. మందు మానమని నన్ను చూపించావు, మానొద్దని మళ్ళీ నన్నే చూపిస్తానంటున్నావు. నన్ను దేనికీ సాక్ష్యం పెట్టకు. పంచినవి వెనక్కి తెచ్చుకో, అది చాలు.

ఉత్తరాలు రాయి. మానెయ్యమని అనను, నాకు కావాలి. కానీ సలహా వద్దు, క్షమాపణ వద్దు, సిద్ధాంతం వద్దు. ఏం తిన్నావు, ఏం చేశావు, ఎవరు కనిపించారు, అవి రాయి. అంతకు మించి ఒక్క వాక్యం ఉన్నా మిగతా ఉత్తరం చదవను. స్వాతి ముందు చదివి ఆ వాక్యాలు కొట్టేస్తేనే చదువుతాను.

దీదీ


జంగ్లీఘాట్
మార్చి 11

దీదీకి,

ఏం చేశానో రాస్తున్నాను.

డ్యూటీ అయ్యాక రోజూ రేవుకి, ఆటో స్టాండుకి వెళ్ళాను. ఆదివారం చర్చి గేటు దగ్గర నిలబడ్డాను. నూట తొంభై ఆరు కాగితాలు తిరిగొచ్చాయి. కొన్నింటిలో చేపలు కట్టేశారు. ఒక ఆంటీ, "ఇచ్చేటప్పుడు ఉపన్యాసం చెప్పావు, తీసుకునేటప్పుడు నోరు లేవదేం?" అంది. కాగితం తీసుకుని సంచీలో వేసుకున్నాను. అమ్మ గురువారం మాట్లాడింది. "అన్నం చల్లారిపోతోంది" అంది.

శుక్రవారం ఆటో స్టాండులో గవరయ్య కనిపించాడు. నీకు తెలుసు, మనల్ని స్కూలు నుంచి తెచ్చేవాడు, ఇప్పుడు లంబాలైన్ వైపు ఆటో ట్రిప్పులు వేస్తున్నాడు. కాగితం అడిగితే చొక్కా జేబులోంచి తీశాడు. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంచుకున్నాడు. "ఇది ఇవ్వను భాయ్. ఇది చదివే కదా నేనూ మానేశాను" అన్నాడు.

"ఏవి మామా?"

"అవే. మనసువి. రెండేళ్ళుగా వేసుకుంటున్నా, ఇంట్లో కూడా తెలీదు. ఇరవై రోజులైంది మానేసి. ఆ టీచరమ్మంత గట్టివాణ్ణి కాదు నేను, చేతులు వణుకుతున్నాయి. ఆటో తోలలేకపోతున్నా. ఆవిడకి ఎన్నాళ్ళు పట్టింది? నువ్వే రాశావు కదా, అడిగి చెప్పు."

నేను చెప్పాను దీదీ. నీ పేరు చెప్పలేదు. ఆ రాసింది అబద్ధం, ఆమె బాగుపడలేదు, ఇప్పుడు మందు మళ్ళీ వేసుకుంటోంది అని చెప్పాను. అతను కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. "చదువుకున్నోడివి కదా అనుకున్నా" అన్నాడు.

మంగళవారం సెలవు పెట్టాను. పొద్దున్నే వెళ్ళి అతన్ని ఓపీకి తీసుకెళ్ళాను. లైన్లో మా ముందు పద్నాలుగు మంది. అటెండర్ నన్ను గుర్తుపట్టి, "ఇవాళ కూడా పేషెంట్ లేరా?" అన్నాడు. ఉన్నారని చెప్పాను. గవరయ్య పేరు పిలిచారు. నేను లేవలేదు, అతనొక్కడే లోపలికి వెళ్ళాడు. బయట బెంచీ మీద కూర్చున్నాను. అరగంట పట్టింది.

చీటీ పట్టుకుని వచ్చాడు. పక్కన కూర్చున్నాడు. "ఏం చెప్పిందని అడగవేంటి?" అన్నాడు.

నేను అడగలేదు.

చీటీ మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నూట తొంభై ఏడు.

తర్వాత ఎదురు హోటల్లో ఇద్దరం పూరీ, బంగాళాదుంప కూర తిన్నాం. కూరలో ఉప్పు తక్కువైంది. అతను నాలుగు తిన్నాడు, నేను రెండు తిన్నాను.

ప్రసన్న